మాడ వీధులకు ఏ లెన్స్? జోర్కి-4 మీద జూపిటర్-12, సుమ్మరాన్ 35, కెనాన్ 28 – పోలిక

ఛాయ_మైలాపూర్ | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు కాలం చేశాక ఆయన బీరువాలో జోర్కి-4 అనే సోవియట్ కాలపు ఫిల్ము కెమెరా దొరికింది. దానికి బిగించి ఉన్న లెన్స్ జూపిటర్-8, అంటే 50 మి.మీ., ఎఫ్ 2 (మి.మీ. తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పవుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది). షట్టరును శుభ్రం చేయించి ఇప్పటికి నాలుగు రోళ్లు తీశాను. కెమెరా బాగానే పనిచేస్తోంది గాని నా అవసరానికి 50 చాలడం లేదు.

మా ఇల్లు మైలాపూర్‌లో, కపాలీశ్వరుడి గుడికి కూతవేటు దూరంలో ఉంది. తమిళుల పంగుని మాసపు ఉత్సవాలలో, ముఖ్యంగా అరవై ముగ్గురు నాయన్మార్లు ఊరేగే అరుబత్తుమూవర్ నాడు, నాలుగు మాడ వీధులలో తిరుగుతూ ఫొటోలు తీయాలని నా కోరిక. 50తో తీస్తే పల్లకి వచ్చినచోట జనం రారు, జనం వచ్చినచోట పల్లకి రాదు. పోనీ రెండడుగులు వెనక్కి వేద్దామంటే వెనక గోడైనా ఉంటుంది, గోడకు ఆనించి మజ్జిగ పోసేవారి బల్లయినా ఉంటుంది.

ఒక పాత కెమెరాల కొట్టులో మూడు లెన్సులు చూపించారు. ఒకటి జూపిటర్-12 (35 మి.మీ., ఎఫ్ 2.8), రెండోది లైకా సుమ్మరాన్ (35 మి.మీ., ఎఫ్ 3.5), మూడోది కెనాన్ (28 మి.మీ., ఎఫ్ 3.5). మూడూ 39 మి.మీ. స్క్రూ మౌంటువే కనుక జోర్కికి ఎక్కుతాయి. ఒక్కటే కొనగలను. ఏది తీసుకోమంటారు?

ఎర్రదీపం | సోమవారం, రాత్రి 10.25

ఛాయ గారూ, నలభై ఏళ్లుగా సుమ్మరానే వాడుతున్నవాణ్ని కనుక నా మాటలో పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. 1985లో మూర్ మార్కెట్ తగలబడడానికి ఏడాది ముందు, అక్కడి పాతసామాను కొట్టులో, నడవని చేతిగడియారాల మధ్య పడి ఉండగా దీన్ని కొన్నాను. అప్పటినుంచి దీనికి బదులు ఇంకొకటి కావాలని ఎన్నడూ అనిపించలేదు.

లైకా వారు 1930లో ఎల్మార్ 35ను తెచ్చారు. అందులో ఉన్నవి నాలుగు గాజులు. యుద్ధం ముగిసిన తరువాత 1946లో దాని స్థానంలోకి ఆరు గాజుల సుమ్మరాన్ వచ్చింది. పూర్తిగా తెరిచినప్పుడు మూలలు కాస్త మెత్తబడతాయన్న మాట నిజమే. ఎఫ్ 8 దగ్గర మాత్రం ఆ మాట అనడానికి వీలుండదు. పరిమాణంలో చాలా చిన్నది, చొక్కా జేబులో పడిపోతుంది.

ఎఫ్ 2.8 కావాలా, 3.5 చాలా అన్న ప్రశ్నను మన ఊరి ఎండ సగం తేల్చేస్తుంది. 400 వేగపు ఫిల్ము వేస్తే మిట్టమధ్యాహ్నం మీ జోర్కిలోని అత్యధిక వేగం 1/1000 పెట్టినా ఎఫ్ 11 దాకా మూయవలసి వస్తుంది. చీకటి పడ్డాకే ఆ కాస్త తేడా పనికి వస్తుంది.

ఎండ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక కూడా చెబుతాను. మీ జోర్కిలోని షట్టరు తెర గుడ్డది. లెన్సుకు మూత పెట్టకుండా కెమెరాను సూర్యుడికేసి వదిలేస్తే, భూతద్దం కింద కాగితం కాలినట్టు ఆ తెరకు చిల్లు పడుతుంది. అద్దం ఉన్న ఎస్సెల్లార్ కెమెరాలకు ఈ బెడద ఇంతగా ఉండదు గాని మన కెమెరాలకు ఉంటుంది.

కొండిత్తోపు | మంగళవారం, ఉదయం 7.10

ఎర్రదీపం గారి సుమ్మరాన్‌ను నేను కళ్లారా చూశాను, దానికి వంక పెట్టను. కానీ ఒక సుమ్మరాన్ ధరకు కనీసం రెండు జూపిటర్-12లు వస్తాయి. మిగిలిన డబ్బుతో ఛాయ గారు ఏడాదికి సరిపడా ఫిల్ము కొనుక్కోవచ్చు. మన పెద్దల కాలంలోలాగా ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వారి ఇందు ఫిల్ము చవకగా దొరికే రోజులు కావు ఇవి.

పైగా జూపిటర్-12 వంశం చిన్నదేమీ కాదు. 1930లలో జర్మనీలోని జైస్ సంస్థ కోసం లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన బయోగాన్ 35, ఎఫ్ 2.8 దీనికి మూలం. కాంటాక్స్ కెమెరా కోసం పుట్టిన లెన్స్ అది. యుద్ధం తరువాత జైస్ వారి యంత్రాలు, గాజు, నమూనాలు సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి. మొదట్లో జర్మన్ గాజుతోనే చేసి, ఆ నిల్వ అయిపోయేసరికి సోవియట్ గాజుకు తగినట్టు లెక్కలు మార్చి ఈ లెన్సును కొనసాగించారు. క్రాస్నొగోర్స్క్‌లోను, లిత్కారినోలోను తయారైనవి మన దేశంలో కనిపిస్తాయి. సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు చాలావరకు తయారైన ఏడాదిని చెబుతాయి.

వాడుకలో మాత్రం దీనికి రెండు వింత లక్షణాలున్నాయి. అపర్చర్‌ను, అంటే కాంతి వచ్చే రంధ్రాన్ని, మార్చే రింగు ముందువైపు గిన్నెలాంటి గుంట లోపల ఉంటుంది. నా దగ్గరున్న లెన్సుకు క్లిక్కులు కూడా లేవు కనుక వేలు లోపలికి పెట్టి, అంకె చూసుకుని తిప్పవలసిందే. ఆ గుంట వల్ల ఎండ పక్కనుంచి గాజు మీద పడదన్నది ఒక్కటే ఓదార్పు. రెండోది, వెనక గాజు బుడిపెలా పొడుచుకు వచ్చి ఫిల్ము దగ్గరదాకా వెళ్తుంది. దీన్ని ఎప్పుడూ వెనకవైపు ఆనించి బల్ల మీద పెట్టకండి. మామూలు మూత సరిపోదు, లోతైన మూతను లెన్సుతోపాటే అడిగి తీసుకోండి.

పొడిపెట్టె | మంగళవారం, మధ్యాహ్నం 1.30

ఏ లెన్స్ గొప్పదన్న చర్చకు ముందు, ఆ మూడింటిలో ఏది ఆరోగ్యంగా ఉందన్నది చూడాలని నా మనవి. నేను సరదాగా లెన్సులు విప్పి శుభ్రం చేస్తుంటాను. చెన్నైలో నా దగ్గరికి వచ్చే పాత లెన్సులలో బూజు పట్టనివి తక్కువ. సముద్రపు ఊరు కావడం వల్ల గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే ఉంటుంది. లెన్సుకు 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే క్షేమం. బీరువాలో, పట్టుచీరల పక్కన, తోలు కేసులో, కలరా ఉండలు వేసి భద్రంగా దాచామని చాలామంది అనుకుంటారు. కలరా ఉండలు పురుగును ఆపుతాయి గాని తేమను ఆపలేవు. తోలు కేసు మరీ చెరుపు చేస్తుంది, అది తేమను పీల్చి లెన్సుకు అంటిపెట్టుకుని ఉంటుంది.

కొట్టుకు వెళ్లేటప్పుడు చిన్న ఎల్‌ఈడీ టార్చి తీసుకెళ్లండి. అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనకనుంచి వెలుతురు వేసి, ముందునుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూటి పోగుల్లా కొమ్మలు వేసుకుంటూ పోతే అది బూజు. అద్దం మీద ఊపిరి వదిలినట్టు సమంగా పొగలా కనిపిస్తే అది మసక. సాధారణంగా లోపలి నూనె ఆవిరై అపర్చర్ రేకుల పక్కనున్న గాజు మీద పేరుకోవడం వల్ల వస్తుంది. అంచు దగ్గర నూనె చుక్క నీళ్లలో పడినట్టు రంగుల వలయాలు కనిపిస్తే రెండు గాజులను అతికించిన జిగురు విడిపోతోందని అర్థం. మసకను చాలాసార్లు తుడిచేయవచ్చు. బూజును తుడిచినా అది కోటింగును తినేసిన చోట మచ్చ మిగిలిపోతుంది. జిగురు విడిపోయిన దాని జోలికి మాత్రం పోకండి.

ఎంత పేరున్న లెన్సయినా మసక పట్టిందంటే, శుభ్రమైన జూపిటర్ ముందు వెలవెలబోతుంది.

గాంధీబజార్ | మంగళవారం, సాయంత్రం 6.05

బెంగళూరునుంచి ఒక మాట. అవెన్యూ రోడ్డులోను, చిక్కపేట సందుల్లోను తిరిగి తీసే అలవాటు ఉన్నవాణ్ని కనుక నేను 28 పక్షం. మూడు మీటర్ల దూరంలో నిలబడితే 50 లెన్సుకు అడ్డంగా సుమారు 2.2 మీటర్లు పడుతుంది, 35కు 3.1 మీటర్లు, 28కు 3.9 మీటర్లు. మీ వెనక గోడ ఉందన్నారు కనుక ఆ 80 సెంటీమీటర్ల తేడా, అంటే ఇద్దరు మనుషులు పట్టే చోటు, చిన్నదేమీ కాదు.

ఇంకో సుఖం ఏమిటంటే, 28తో ఫోకస్ చేయవలసిన పనే దాదాపు ఉండదు. ఎఫ్ 11 పెట్టి దూరాన్ని 2.4 మీటర్ల దగ్గర ఉంచితే 1.2 మీటర్లనుంచి అనంతం వరకు అంతా స్పష్టంగానే వస్తుంది. 35తో అదే ఎఫ్ 11 దగ్గర 3.7 మీటర్లకు పెట్టాలి, స్పష్టత 1.9 మీటర్లనుంచి మొదలవుతుంది. జనంలో మోచేతులు తగులుతుండగా రేంజ్‌ఫైండరులో, అంటే ఫోకస్ కుదిర్చే కిటికీలో, రెండు బొమ్మలను కలిపేంత తీరిక ఎవరికి ఉంటుంది? కెనాన్ 28, ఎఫ్ 3.5 నాటినుంచి, అంటే 1951 నుంచి, వీధి ఛాయాగ్రాహకుల చేతుల్లో ఉన్నది ఊరికే కాదు. నేను దాన్ని కెనాన్ పి కెమెరా మీద వాడుతున్నాను.

వెండిరజను | మంగళవారం, రాత్రి 11.15

ముగ్గురూ మూడు లెన్సులను వెనకేసుకొచ్చారు కనుక, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక సంగతిని వివరిస్తాను. ఎస్సెల్లార్‌లో లెన్సుకు, ఫిల్ముకు మధ్య అద్దం ఊగాలి కనుక వైడ్ యాంగిల్ లెన్సును ఫిల్ముకు దూరంగా నెట్టవలసి వచ్చింది. 1950లో ఆంజెన్యూ వారి రెట్రోఫోకస్ 35 అందుకోసం పుట్టినదే. మన రేంజ్‌ఫైండరు కెమెరాలలో అద్దం లేదు. కనుక అపర్చర్‌కు ముందూ వెనకా గాజులు ఇంచుమించు ఒకే తీరుగా ఉండే అమరికను వాడుకోవచ్చు, గాజును ఫిల్ముకు ఎంత దగ్గరికైనా తీసుకెళ్లవచ్చు. ముందు సగం చేసిన వంకరను వెనక సగం సరిదిద్దుతుంది. అందుకే ఈ పాత లెన్సులతో గుడి స్తంభాలు తీస్తే అంచుల్లో ఉన్నవి కూడా నిటారుగా నిలుస్తాయి. కెమెరాను పైకెత్తితే గోపురం వెనక్కి వాలుతుంది, ఆ నేరం లెన్సుది కాదు. ఎదురు మేడ ఎక్కి, కెమెరాను సమంగా పట్టుకోండి.

దీనికి మూల్యం మూలల్లో చెల్లిస్తాం. కాంతి ఎంత ఏటవాలుగా ఫిల్ము మీద పడితే అంత తగ్గుతుంది, అదీ కోణపు కొసైన్ నాలుగో ఘాతం చొప్పున. ఆ లెక్కన 35కు మూలల్లో చేరేది మధ్యలోని కాంతిలో 52 శాతం, 28కు 39 శాతం, 21కు 24 శాతం. అంటే 35కు ఇంచుమించు ఒక స్టాపు (కాంతి సగమవడం), 21కు రెండు స్టాపులు. అపర్చర్ మూసినా ఇది పోదు. మిఖాయిల్ రుసినోవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు, అంచులనుంచి చూసినప్పుడు అపర్చర్ పెద్దదిగా కనిపించేలా రెండు చివర్లా ఉబ్బెత్తు గాజులు పెట్టి ఈ నష్టాన్ని తగ్గించాడు. రుసార్ ఎంఆర్-2 (20 మి.మీ., ఎఫ్ 5.6) ఆ దారిలోదే. బెర్టెలె 1950లలో చేసిన బయోగాన్ 21 కూడా అదే బాట పట్టింది.

ఫిల్ము ఈ ఏటవాలు కాంతిని ఓర్చుకుంటుంది. ఇవే లెన్సులను డిజిటల్ కెమెరాకు బిగించిన మిత్రులు మూలల్లో ఊదారంగు కనిపిస్తోందని నిందిస్తుంటారు. ఆ తగవు సెన్సారుతో పెట్టుకోవాలి.

ఎర్రదీపం | బుధవారం, ఉదయం 6.50

గాంధీబజార్ గారూ, 80 సెంటీమీటర్ల లెక్క బాగుంది, కానీ ఆ 80 సెంటీమీటర్లలో ఏముందో ఛాయ గారికి కనిపించేది ఎట్లా? జోర్కి-4 వ్యూఫైండరులో 50కి సరిపడే దృశ్యమే కనిపిస్తుంది. 35కైనా, 28కైనా విడిగా ఒక ఫైండరు కొని కెమెరా నెత్తిన తగిలించాలి. ఆ ఖర్చును ఎవరూ లెక్కలో వేయలేదు. మీ కెనాన్ పిలోనూ దృశ్యపు హద్దులు చూపే గీతలు 35, 50, 100కే గదా ఉన్నాయి?

అనుభవంలోంచి చెబుతున్నాను. 28కి బొమ్మ నిండాలంటే మనుషులకు మీటరు దూరంలోకి వెళ్లాలి, లేకపోతే ముందున్న రోడ్డంతా ఖాళీగా వచ్చి పల్లకి అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. భక్తుల ముఖాల మీదికి మీటరు దూరం దాకా వెళ్లడం అందరికీ చేతనయ్యే పని కాదు, అందరూ చేయవలసిన పని కూడా కాదు.

గాంధీబజార్ | బుధవారం, ఉదయం 9.20

ఒప్పుకుంటున్నాను. కెనాన్ పిలో 28 గీతలు లేవు, నేనూ విడి ఫైండరే వాడుతున్నాను. నిజం చెప్పాలంటే కళ్లద్దాలతో చూసేవాణ్ని కనుక అందులోని 35 గీతలు కూడా నాకు పూర్తిగా కనిపించవు. దగ్గరికి వెళ్లే విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. దూరంనుంచి దొంగచాటుగా తీయడం కంటే దగ్గరికి వెళ్లి, వారు చూస్తుండగా తీయడమే మర్యాద.

ఫైండరు విషయంలో చవక మార్గం ఒకటుంది. సోవియట్ వారి తిరుగుడు ఫైండరులో 28, 35, 50, 85, 135 అన్నీ ఉంటాయి. దూరాన్ని బట్టి కాస్త కిందికి వంచే ఏర్పాటు కూడా ఉంటుంది. చూడడానికి తుపాకీ బుర్రలా ఉంటుంది గాని పనిచేస్తుంది. లైకా వారి 35 ఫైండరు, ఎస్‌బిఎల్‌ఓఓ, కాంతివంతంగా ఉంటుంది, కానీ దాని ధర లెన్సు ధరతో పోటీపడుతుంది.

అడయారు_గాలి | బుధవారం, మధ్యాహ్నం 12.40

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నా దగ్గర లైకా ఎం3 ఉంది. ఈ స్క్రూ లెన్సులు దానికి పనికివస్తాయా?

వెండిరజను | బుధవారం, మధ్యాహ్నం 1.05

వస్తాయి. స్క్రూ మౌంటుకు, ఫిల్ముకు మధ్య దూరం 28.8 మి.మీ., ఎం మౌంటుకు 27.8 మి.మీ.; ఆ ఒక్క మిల్లీమీటరు మందంలో అడాప్టరు ఇమిడిపోతుంది. అయితే 1954 నాటి ఎం3లో 50, 90, 135 గీతలే ఉన్నాయి. అందుకే లైకా వారు ఎం3 కోసం 35 లెన్సులకు, వ్యూఫైండరు ముందు నిలిచే కళ్లజోడులాంటి అద్దాలు తగిలించి అమ్మారు. గీతలు కావాలంటే ఎం2 చూడండి. ఒక జాగ్రత్త: జూపిటర్-12ను, పాత సూపర్ ఆంగులాన్ 21ను లైకా ఎం5కు గాని, లైకా సీఎల్‌కు గాని బిగించకండి. వాటిలో లెన్సు వెనక కాంతిని కొలిచే మీటరు చెయ్యి ఒకటి లేచి నిలబడుతుంది, బుడిపె గాజు దానికి తగులుతుంది.

ఛాయ_మైలాపూర్ | శనివారం, రాత్రి 8.30

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు టార్చి తీసుకుని వెళ్లాను. కొట్టతను నన్ను కాస్త వింతగానే చూశాడు.

సుమ్మరాన్‌లో పొడిపెట్టె గారు చెప్పిన సాలెగూడు స్పష్టంగా కనిపించింది, అదీ నట్టనడుమ. కెనాన్ 28 వెనక గాజు అంచున రంగుల వలయం ఉంది. జూపిటర్-12 మాత్రం నిన్న కడిగిన గాజుగ్లాసులా మెరిసింది, ఒక్క పోగు కూడా లేదు. కనుక ఎవరి వాదనా గెలవలేదు, టార్చి గెలిచింది. జూపిటర్‌ను, దాని లోతు మూతను, తిరుగుడు ఫైండరును కలిపి సుమ్మరాన్‌కు చెప్పిన ధరకంటే తక్కువకే తెచ్చుకున్నాను. నంబరు 73తో మొదలవుతోంది.

ఎర్రదీపం | శనివారం, రాత్రి 9.00

బూజు పట్టిన సుమ్మరాన్ కంటే అది మేలు. శుభం. జోర్కిలో ఫిల్మును ముందుకు తిప్పాకే షట్టరు వేగం మార్చండి, తిప్పకముందు మార్చితే లోపలి పళ్లు దెబ్బతింటాయి. పెదనాన్నగారు చెప్పే ఉంటారనుకోండి.

ఛాయ_మైలాపూర్ | పన్నెండు రోజుల తరువాత, గురువారం, రాత్రి 10.10

అరుబత్తుమూవర్ నాడు రెండు రోళ్లు తీశాను, నెగెటివులు ఇవాళ చేతికి వచ్చాయి. పగటి రోలు చూసి కళ్లు చెమర్చాయి. పల్లకి, దాని వెనక గోపురం, ముందు మజ్జిగ గ్లాసు అందుకుంటున్న పిల్లవాడు, అందరూ ఒకే బొమ్మలో ఉన్నారు. మూలలు కాస్త నల్లబడ్డాయి, అది నాకు నచ్చింది కూడా. అవన్నీ ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర తీసినవి.

రాత్రి రోలు మాత్రం దిగులు పుట్టించింది. దీపాల వెలుతురులో ఎఫ్ 2.8 దగ్గర తీశాను. పూలు కట్టే ఒక అవ్వ చేతులమీద, సుమారు మూడు మీటర్ల దూరంనుంచి, రేంజ్‌ఫైండరులో రెండు బొమ్మలనూ జాగ్రత్తగా కలిపి తీశాను. చేతులు మసకగా, వెనక ఒక మీటరు అవతల నిలబడిన ఆయన చొక్కా గుండీలు స్పష్టంగా వచ్చాయి. ఒకటి కాదు, రాత్రి ఫ్రేములన్నీ ఇంతే. 50తో ఇదే కెమెరాలో ఈ తప్పు రాలేదు. నా చెయ్యి వణికిందా, లెన్సే అంతా?

కొండిత్తోపు | గురువారం, రాత్రి 10.45

చెయ్యి వణికితే అన్నీ మసకగా వస్తాయి, గుండీలు రావు. సోవియట్ లెన్సులకు, లైకా లెన్సులకు ఫోకస్ ప్రమాణంలో తేడా ఉందని కొందరు అంటారు గాని, మీ కెమెరా, లెన్సు రెండూ అక్కడివే కదా.

వెండిరజను | శుక్రవారం, ఉదయం 5.55

ఛాయ గారి వర్ణనలోనే సమాధానం ఉన్నట్టుంది, లెక్క వేసి చూస్తాను. 35 లెన్సును మూడు మీటర్లకు ఫోకస్ చేయాలంటే అనంతం స్థానంనుంచి 0.41 మి.మీ. ముందుకు జరపాలి. ఫోకస్ నాలుగు మీటర్ల దగ్గర కుదిరిందంటే అది 0.31 మి.మీ. మాత్రమే జరిగినట్టు. అంటే గాజుల అమరిక ఉండవలసిన చోటికంటే 0.1 మి.మీ. వెనక్కి, ఫిల్ము వైపు, కూర్చుని ఉంది.

పగలు ఎందుకు తెలియలేదో కూడా ఇదే చెబుతుంది. 0.1 మి.మీ. పొరపాటును ఎఫ్ 8తో భాగిస్తే ఫిల్ము మీద చుక్క 0.0125 మి.మీ. వెడల్పున మసకబారుతుంది, అది కంటికి ఆనదు. ఎఫ్ 2.8తో భాగిస్తే 0.036 మి.మీ.; కన్ను ఓర్చుకునే హద్దుగా మనం లెక్కవేసేది 0.03.

నిర్ధారించుకోవడానికి కొత్త ఫిల్ము అక్కర్లేదు. జోర్కి-4 వెనక తలుపు మొత్తంగా ఊడి వస్తుంది కదా. ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద (బయటి పట్టాల మీద కాదు) పాలరంగు సెల్లోటేపును బిగుతుగా అతికించండి. షట్టరును బి (మీట నొక్కినంతసేపూ తెరిచి ఉండే స్థానం) మీద తెరిచి పట్టుకుని, ఎఫ్ 2.8 దగ్గర, రాత్రిపూట మేడమీదినుంచి మెరీనా దీపస్తంభం వైపు గురిపెట్టి, భూతద్దంతో టేపు మీద చూడండి. నా లెక్క నిజమైతే అనంతం గుర్తు దగ్గర దీపం ఉబ్బి కనిపిస్తుంది, ఉంగరాన్ని 10 మీటర్ల గుర్తుకు కాస్త అవతలికి తెచ్చినప్పుడు చుక్కలా కుదురుతుంది.

ఛాయ_మైలాపూర్ | శుక్రవారం, రాత్రి 9.15

అచ్చంగా మీరన్నట్టే ఉంది. పన్నెండు మీటర్లుగా తోచే చోట దీపం సూదిమొనలా వచ్చింది. షట్టరు మీట నొక్కి పట్టుకోవడానికి మా తమ్ముణ్ని మేడెక్కించవలసి వచ్చింది.

పొడిపెట్టె | శుక్రవారం, రాత్రి 9.50

ఈ తప్పులో నాకూ భాగం ఉంది, ఒప్పుకుంటున్నాను. ఈ లెన్సులలో గాజుల అమరికకు, ఫోకస్ తిప్పే బాడీకి మధ్య సన్నని ఇత్తడి వలయాలు ఉంటాయి. ఫ్యాక్టరీలో ఒక్కొక్క లెన్సును కొలిచి, దానికి తగిన మందం వలయాలు వేస్తారు. ఎవరో మీ లెన్సును విప్పి, చక్కగా కడిగి, తిరిగి బిగించేటప్పుడు ఒక వలయాన్ని వదిలేశారు. యాభై ఏళ్ల నాటి లెన్స్, మన ఊరి తేమలో, ఒక్క పోగు కూడా లేకుండా మెరుస్తోందంటే ఎవరో విప్పారనే అర్థం. టార్చి వేయమన్నవాణ్ని, విప్పిన లెన్సయితే స్క్రూల తలలు చెదిరాయేమో చూసి, అనంతం దగ్గర పరీక్షించాకే డబ్బు ఇవ్వమని కూడా చెప్పవలసింది.

వైద్యం పెద్దదేమీ కాదు. ఆదివారం నేను కచేరీ రోడ్డు వైపు వస్తాను. లెన్సును, ఆ టేపు అతికించిన కెమెరాను తీసుకురండి. ఇత్తడి రేకు తెస్తాను. ముందు మామూలు రాత కాగితాన్ని వలయంగా కత్తిరించి పెట్టి చూద్దాం, దాని మందం ఇంచుమించు 0.1 మి.మీ.నే ఉంటుంది.

ఎర్రదీపం | శుక్రవారం, రాత్రి 10.05

ఆదివారం నేనూ వస్తాను. నా సుమ్మరాన్ వలయాలు ఉన్నాయో లేవో నలభై ఏళ్లలో ఒక్కసారీ చూసుకోలేదని ఇప్పుడే తోచింది. ఎప్పుడూ ఎఫ్ 8 దాటి తెరిచినవాణ్ని కాదు.

ఛాయ_మైలాపూర్ | ఆదివారం, రాత్రి 8.20

కాగితం వలయంతోనే దీపస్తంభం అనంతం గుర్తు దగ్గర కుదిరింది. తరువాత పొడిపెట్టె గారు ఇత్తడి రేకులోంచి రెండుసార్లు తప్పు కొలతతో, మూడోసారి సరిగ్గా వలయం కత్తిరించి బిగించారు. కాగితం తేమకు ఉబ్బుతుందట. ఎర్రదీపం గారి సుమ్మరాన్‌ను కూడా టేపు మీద చూశాం. ఎఫ్ 3.5 దగ్గర దీపం చుక్కలా నిలిచింది, ఆయన ముఖం చూడవలసింది.

పూలు కట్టే అవ్వ రోజూ దక్షిణ మాడ వీధి మొదట్లోనే కూర్చుంటారట. రేపు దీపాలు పెట్టే వేళకు వెళ్లి, ఎఫ్ 2.8 దగ్గరే, మళ్లీ ఆమె చేతులు తీస్తాను. ఈసారి ముందుగా అడిగి, గాంధీబజార్ గారు చెప్పినంత దగ్గరినుంచి.